అంగుళానికి ఆరు పళ్ళు

ఆమెను అందరూ దువ్వెనలక్క అంటారు. ఆవిడ జుట్టు చూస్తే మాత్రం ఆ పేరు పెట్టినవాడిది వెటకారమే అనిపిస్తుంది. పొద్దున వేసుకున్న ముడి పదింటికల్లా కాకిగూడవుతుంది. ఆమె దువ్వేది మనుషుల తలలు కాదు, మిషన్ల కాయిళ్ళు. ఏసీల వెనక, ఐసు గదుల్లో పైకప్పు కింద, పుస్తకంలో కాగితాల్లా వరసగా నిలబడే పల్చటి అల్యూమినియం ఫిన్నులుంటాయి కదా, అవి గట్టిగా వేలు తగిలినా వంగిపోతాయి. వాటిని మళ్ళీ నిలబెట్టడానికి దువ్వెనలుంటాయి. ఆమె పెట్టెలో పదకొండు ఉన్నాయి. వాటిలో సగం వాళ్ళ నాన్న ఇత్తడి రేకు కోసి చేసినవే.

పనితనమంతా దువ్వెన ఎంచుకోవడంలోనే ఉందనేవాడు నాన్న. ఇంటి ఏసీకి అంగుళానికి పద్నాలుగు ఫిన్నులు ఉంటాయి. గడ్డకట్టించే గదికి ఆరే, అక్కడ మంచు పేరుకుంటుంది కాబట్టి ఎడం ఎక్కువ. పళ్ళు సరిపోని దువ్వెన పెట్టి లాగితే వంగింది నిలబడదు సరికదా, చిరిగి చేతికొస్తుంది. ఇరవై ఏళ్ళలో తను ఒక్క ఫిన్ను కూడా చింపలేదని ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

బుధవారం పొద్దున ఒక ఫోన్ వచ్చింది. ఊరి చివర ఐస్‌క్రీమ్ గోదామట, నీలం గేటట. ఫిన్నులు వంగాయి, ఇవాళే సరిచెయ్యాలి అన్నాడు యజమాని.

"నేనే చేసుకుందామని పనిముట్ల కొట్టుకి వెళ్ళానండీ. అంగుళానికి ఎన్ని పళ్ళది కావాలని అడిగాడు. నాకేం తెలుసు? మీ నంబరిచ్చాడు."

మామూలుగా అయితే రేపు చూద్దాం లెండి అనేది. కానీ నీలం గేటు అనగానే ఆ మాట మింగేసింది. తమ్ముడు పనిచేసే చోటు అదే.

తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు, ఆమెకంటే జానెడు పొడుగు, అయినా ఆమెకి బుడ్డోడే. మూడు నెలల కిందట "ఎన్నాళ్ళని నీ వెనకాల పెట్టె మొయ్యనక్కా" అంటూ ఆ గోదాములో సరుకు చూసుకునే పనికి చేరాడు. దాని మీదే పోయిన వారం ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "అంత నచ్చితే అక్కడే ఉండు. ఇంటి తాళంచెవి ఇచ్చి మరీ పో" అంది ఆమె. "ఇవ్వను. అలక తీరాక వచ్చేది ఇక్కడికే కదా" అని నవ్వుతూ పోయాడు, గోదాములోనే పడుకోవడం మొదలుపెట్టాడు. అలిగినా రోజూ ఫోన్ చేసి, తిన్నావా అని మాత్రం అడిగేవాడు. ఆదివారం నుంచి అదీ లేదు. ఫోన్ స్విచ్చాఫ్. ఈ మూడు రోజులూ ఆమె కోపంగానే తిరిగింది. ఆ కోపం కింద ఉన్నది భయమని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పనికి పని అవుతుంది, వాణ్ణి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చినట్టూ అవుతుంది అనుకుని బండి తీసింది.

గేటు యజమానే తీశాడు. నలగని చొక్కా, మెత్తని మాట, చేతిలో ఫోన్. ఆవరణలో పురుగు లేదు. లారీలు లేవు, మోతవాళ్ళు లేరు.

"మిషన్ ఆగింది కదా, అందరికీ సెలవిచ్చాను" అన్నాడు, ఆమె అడగకముందే.

"సరుకు చూసుకునే అతను కూడా లేడా?"

అతని నడక ఒక్క క్షణం తడబడింది. "వాడా? ఆదివారం చెప్పాపెట్టకుండా పోయాడు. ఈ కాలం కుర్రాళ్ళకి నిలకడెక్కడిది? మీకు తెలుసా వాడు?"

వాడు మా తమ్ముడు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఎందుకో వెనక్కి పోయింది. "ఎప్పుడో గేటు దగ్గర చూశాను లెండి" అంది. వీధి చివరికి టీ తాగడానికి వెళ్ళినా చెప్పి వెళ్ళే బుడ్డోడు, చెప్పాపెట్టకుండా పోయాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

లోపల బల్ల మీద అతను కొన్న సరంజామా అంతా పరిచి ఉంది. ఒక వంటింటి కత్తి, పల్చటి స్క్రూడ్రైవరు, మొన వంగిన పట్టకారు, పళ్ళు తోముకునే బ్రష్షు, చుట్టూ ఆరు వైపులా పళ్ళున్న గుండ్రటి ప్లాస్టిక్ దువ్వెన. ఆమెకి నవ్వొచ్చింది.

"ఏంటండీ ఇది? కూర తరిగి, పళ్ళు తోమి, ఆఖర్న తల దువ్వుదామనా?"

అతను నవ్వలేదు. "వీటిలో ఏది పనికొస్తుందో చెప్పండి. తొందరగా అవ్వాలి."

"కత్తి తీసి లోపల పెట్టండి, గొట్టానికి తగిలితే గ్యాసంతా పోతుంది. ఈ దువ్వెన ఇళ్ళల్లో ఏసీలకి. ఎనిమిది నుంచి పదిహేను పళ్ళదాకా ఉంటుంది. మీ గదికి ఆరు కావాలి, అది నా దగ్గరుంది. ఇంతకీ మిషన్ కంపెనీవాళ్ళని పిలవలేదేం?"

"వాళ్ళొస్తే సవాలక్ష ప్రశ్నలు, రిపోర్టులు. ఫిన్నులు వంగడానికి అంత రాద్ధాంతం ఎందుకని."

"ఎలా వంగాయి?"

"అట్టపెట్టెలు తగిలుంటాయి" అని, ఇక ఆగలేకపోయాడు. చేతిలో ఫోనున్న మనిషికి దాని గొప్ప చెప్పుకోకపోతే పొద్దుపోదు కదా. "ఆదివారం ఈ మిషన్ నన్ను అన్నం తిననిస్తే ఒట్టు. ఇంటికి చుట్టాలొచ్చారు. కంచం ముందు కూర్చుంటానా, మిషన్ ఆగిందని ఫోన్ మోగుతుంది. ఇప్పుడన్నీ ఇందులోనే కదండీ, ఇక్కణ్ణుంచే మళ్ళీ ఆన్ చేశాను. అరగంటకి మళ్ళీ ఆగింది. మళ్ళీ నొక్కాను. నాలుగుసార్లు! విసుగొచ్చి, ఏం జరిగినా ఆగకుండా నడిచే సెట్టింగు పెట్టిపారేశా. ఇంక నోరెత్తలేదు."

"అలా పెట్టకూడదండీ. ఆగిందంటే ఏదో చెబుతోందన్నమాట."

"మిషన్ చెప్పేదేముంది?" అన్నాడతను. పెద్ద గది వైపు నడుస్తూ, ఎడమ పక్కన కొత్త తాళం వేసి ఉన్న చిన్న గదిని చేత్తో చూపించాడు. "దాని జోలికి వెళ్ళకండి. పాడైన సరుకుంది."

పెద్ద గది తలుపు జానెడు మందం. దాన్ని తెరవగానే ఆమె చూపు అలవాటు కొద్దీ లోపలి వైపుకి పోయింది. లోపల చిక్కుకున్నవాళ్ళు తోసుకుని బయటపడడానికి అక్కడ గుండ్రటి పిడి ఒకటి ఉండాలి. అది లేదు. పిడి ఉండాల్సిన చోట చిల్లులో గుడ్డ కుక్కి, పైన టేపు అంటించారు.

"పిడి ఏదండీ?"

"విరిగి చాలా కాలమైంది. వేయిద్దాం, వేయిద్దాం అనుకుంటూనే ఉన్నాను."

ఇలాంటి గదుల్లో పనికి ఆమె ఇంట్లో రెండు నియమాలున్నాయి. నాన్న పెట్టినవి, అన్నం మానినా అవి మానకూడదు. మొదటిది, మిషన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే చెయ్యి లోపల పెట్టాలి. రెండోది, తలుపు కింద చెక్కముక్క దూర్చాకే గడప దాటాలి. తలుపు పక్కనున్న పెట్టెలోంచి ఫ్యూజు పీకి, చీర మీద తొడుక్కున్న పని చొక్కా జేబులో వేసుకుని, చెక్క దూర్చి, నిచ్చెన తీసుకుని లోపలికి వెళ్ళింది. గది ఖాళీగా ఉంది. చలి చాలావరకు విరిగినా గోడలు ఇంకా చెమ్మగా ఉన్నాయి. ఫోన్ తీసి చూసింది. అంత మందపు గోడల మధ్య సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

కాయిల్ పైకప్పు కింద వేలాడుతోంది. ముందువైపు ఫ్యాన్లకి ఇనుప జాలీ ఉంది, స్క్రూలు విప్పకుండా చెయ్యి పోదు. గోడవైపు మాత్రం ఫిన్నులకి అడ్డం ఏమీ లేదు. ఆమె నిచ్చెనెక్కి టార్చి వేసి చూసింది.

అట్టపెట్టెలు తగిలితే అంచుల్లో అక్కడోటి ఇక్కడోటి సొట్టలు పడతాయి. ఇవి సొట్టలు కావు. నాలుగు పట్టీలు. ఒక్కో పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పున, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. ప్రతి పట్టీలోనూ ఫిన్నులన్నీ ఒకే వైపుకి, ఒకదాని మీద ఒకటి, తలుపు మూసినట్టు పడుకోబెట్టి ఉన్నాయి. మొదటి పట్టీ గీత గీసినట్టు తిన్నగా ఉంది. రెండోది కొంచెం వణికింది. మూడోది వంకరలు పోయింది. నాలుగోది సగంలో ఆగిపోయింది.

ఎవరో పనిగట్టుకుని చేసిన పని ఇది. తెలిసి చేసిన పని.

ఆమెకి చప్పున నాన్న కొట్టు గుర్తొచ్చింది. బుడ్డోడికి అప్పుడు ఏడేళ్ళు. మరమ్మత్తుకొచ్చిన కూలరు ఫిన్నుల మీద తాళంచెవి పెట్టి ట్రుర్రుమని గీస్తూ పాట కట్టాడు. సాయంత్రానికి కాయిల్ నిండా మంచు పట్టి మిషన్ ఆగిపోయింది. నాన్న కొట్టలేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, "ఫిన్నులు పడుకుంటే గాలి పోదురా. గాలి పోకపోతే మిషన్‌కి ఊపిరాడదు, దానంతటదే ఆగిపోతుంది" అని చెప్పాడు. వాడి కళ్ళు మెరిశాయి. "అయితే ఎంత పెద్ద మిషన్నైనా తాళంచెవితో ఆపెయ్యొచ్చా నాన్నా?" అని అడిగాడు. ఆ మాట చెప్పుకుని ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

నాలుగో పట్టీ ఆగిన చోట టార్చి వెలుగులో ఏదో మెరిసింది. పట్టకారుతో మెల్లగా లాగింది. విరిగిన తాళంచెవి ముక్క. ఇత్తడిది. మూడో పన్ను మిగతావాటికంటే పొట్టిగా, ఏటవాలుగా ఉంది. ఆ పన్నును అరగదీసింది తనే. ఇంటి తాళం పట్టేస్తోందని రెండు తాళంచెవులూ ఆకురాయితో స్వయంగా రాసింది. రెండోది ఇప్పుడు ఆమె నడుముకి వేలాడుతోంది. తీసి పక్కన పెట్టి చూసింది. చూడక్కర్లేదని తెలుసు, అయినా చూసింది. పన్నుకి పన్ను సరిపోయింది.

ఈ గదిలో చిక్కుకున్నది వాడే, మిషన్ని ఆపిందీ వాడే. తలుపు రాలేదు, ఫోన్ పనిచెయ్యలేదు, అరిచినా వినేవాళ్ళు లేరు. అప్పుడు పెట్టెలు పేర్చుకుని ఎక్కి నాన్న చెప్పిన పని చేశాడు. మిషన్ ఆగింది. ఆగితే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీసి చూస్తారనుకున్నాడు. రాలేదు. మిషన్ మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆపాడు. అన్నం కంచం ముందు ఒకడు వేలితో నొక్కుతుంటే, ఇక్కడ వీడు కొయ్యబారిన వేళ్ళతో ఒక్కో ఫిన్నూ పడుకోబెట్టాడు. నాలుగుసార్లు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లికి ఎలుక ఉందని కూడా తెలీదు.

"ఏమైనా దొరికిందా?"

యజమాని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు. అతని చెప్పు చెక్కముక్కకి ఆనుకుని ఉంది. కాస్త తోస్తే చాలు.

ఆమె తాళంచెవి ముక్కని నోట్లో వేసుకుంది. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటదే పోయింది. దవడకి నొక్కిపెట్టి, "దుమ్మండీ" అంది.

"మరి కానివ్వండి. చీకటిపడేలోపు అన్నీ తిన్నగా అయిపోవాలి. ఏమీ జరగనట్టుండాలి."

అప్పుడు అర్థమైంది ఆమెకి, తననెందుకు పిలిపించాడో. ఆరు పళ్ళ దువ్వెనతో నాలుగుసార్లు దువ్వితే బుడ్డోడు మిగిల్చిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పని ఆమెకంటే బాగా చేసేవాళ్ళు ఊళ్ళో లేరు. చెయ్యనంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే తలుపు దగ్గరున్నది అతను. ఏడుపు వస్తుందేమోనని భయపడింది. రాలేదు.

పెట్టె తెరిచింది. ఆరు పళ్ళ ఇత్తడి దువ్వెన పైనే ఉంది. దాన్ని చీర మడతలోకి తోసేసి, పన్నెండు పళ్ళది తీసింది. బుడ్డోడి చెయ్యి తగలని మూల చూసి, ఒక వరస మీద పళ్ళు దింపి, బలంగా కిందికి లాగింది. అల్యూమినియం చిరుగుతూ కీచుమంది. ఆ చప్పుడు ఇరవై ఏళ్ళలో ఆమె చేతిలో ఎప్పుడూ రాలేదు. ముక్కలు నేల మీద రాలాయి.

"ఏంటది? ఏం చేశారు?" అతని గొంతు లేచింది.

"సరిపోలేదండీ. దీని పళ్ళు వేరు." నిచ్చెన దిగింది. "మీరే వచ్చి చూడండి, ఇలాగే చేస్తే మిగతావీ ఊడొస్తాయి. సరైనది బండిలో ఉంది, తెస్తాను."

"ఇందాక మీ దగ్గరుందన్నారు?"

"బండీ నాదేగా!" అంది విసుగ్గా. ఆ విసుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. రోజూ పది మంది మీద విసుక్కునే నోరు కాబట్టి దానికదే వచ్చుంటుంది. "ఆ చిరిగిన చోట గొట్టానికేమైనా తగిలిందేమో చూడండి. బుస్సుమని చప్పుడొస్తోందేమో చెవి పెట్టి వినండి."

గ్యాసు పోతుందంటే మళ్ళీ కంపెనీవాళ్ళు, మళ్ళీ రిపోర్టులు. అతను గబగబా నిచ్చెనెక్కాడు. కాయిల్‌కి చెవి ఆనించాడు. ఆమె గడప దాటింది. కాలితో చెక్కముక్కని తన్నింది. రెండు చేతులూ పెట్టి తలుపు నెట్టింది. జానెడు మందం తలుపు చిన్న చప్పుడుతో పడింది.

లోపలి నుంచి గుద్దులు. తలుపు సందులోంచి అతని గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"అమ్మా! తలుపు పడింది! తియ్యండి!"

ఆమె నోట్లోంచి తాళంచెవి ముక్క తీసి చీర చెంగుతో తుడిచింది. పోలీసులకి ఫోన్ చేసి, ఊరి చివర, నీలం గేటు అని చెప్పింది. తరవాత తలుపు దగ్గరికి వచ్చింది.

"నా తమ్ముడెక్కడ?"

గుద్దులు ఆగాయి. "మీ తమ్ముడా..." అన్నాడు. ఆ మెత్తని మాట ఎటుపోయిందో. "నాకు తెలీదమ్మా. ఆదివారం పొద్దున వచ్చి రెండు డబ్బాలు తీసుకుని తలుపు వేసి పోయాను. పెట్టెల వెనకాల ఉన్నాడేమో, చూడలేదు. వాడికి సెలవనుకున్నాను. సోమవారం తీసేసరికే..."

"ఎక్కడ?"

"చిన్న గదిలో. ఏం చెయ్యాలో తోచలేదు. తియ్యమ్మా, చలిగా ఉంది. మిషన్ వెయ్యకమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

మిషన్ వెయ్యడం అనే ఆలోచన అప్పటిదాకా ఆమెకి లేదు. అతనే ఇచ్చాడు. ఫ్యూజు జేబులో ఉంది. ఫ్యూజు పెట్టె మూడడుగుల దూరంలో ఉంది. గుచ్చి మీట ఎత్తితే చాలు. ఆపమని సెట్టింగు పెట్టే ఫోన్ అతనితో లోపలే ఉంది, అక్కడది పనిచెయ్యదు. ఆమె ఫ్యూజు బయటికి తీసింది. వెయ్యాలనిపించింది. మాట దాచడమెందుకు, చాలా వెయ్యాలనిపించింది. లోపల అతను గోకుతున్న చప్పుడు వింటూ, నాలుగు లెక్కపెట్టినంతసేపు అలాగే నిలబడింది. తరవాత ఫ్యూజు మళ్ళీ జేబులో వేసుకుని చిన్న గది తలుపు దగ్గరికి వెళ్ళి, కొత్త తాళానికి ఎదురుగా నేల మీద చతికిలబడింది. "బుడ్డోడా, వచ్చాన్రా" అంది. అప్పుడొచ్చింది ఏడుపు.

పోలీసులు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. పెద్ద గది తీశారు, చిన్న గది తాళం పగలగొట్టారు. వాడి కుడిచేతి పిడికిట్లో సగం తాళంచెవి ఉంది. ఆమె ఇచ్చిన ముక్కని ఇన్‌స్పెక్టరు దానికి ఆనించి చూశాడు.

తరవాత అతను నిచ్చెనెక్కి కాయిల్ ఫోటోలు తీయించాడు. దిగి వచ్చి, ఏది ఎవరు చేశారో చెప్పమ్మా, రాసుకోవాలి అన్నాడు. ఆమె పెట్టె మూసి, ముఖం తుడుచుకుని, చెయ్యెత్తి చూపించింది.

"ఆ మూల చిరిగిన వరస ఒక్కటీ నేను పాడుచేసిందండీ. మిగతాదంతా మా తమ్ముడి పని. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి."